పర్చూరు బస్సులో షుగరు మాత్రలు

నాకు షుగరు ఉందని మొదట కనిపెట్టింది డాక్టరు కాదు, మా బస్సు డ్రైవరు.

గుంటూరు నుంచి పర్చూరు వెళ్లే తెల్లవారుజాము బస్సులో నేను కండక్టర్ని. అప్పటికి నాకు నలభై మూడేళ్లు, ఉద్యోగంలో చేరి పద్నాలుగేళ్లు. డ్రైవరు నాకన్నా పదేళ్లు పెద్ద. ఒకే బస్సు మీద చాలాకాలం కలిసి చేశాం. నేను అన్నా అంటాను, ఆయన చెల్లెమ్మా అంటాడు. ఆ రోజు పెదనందిపాడు చేరేలోపే నేను రెండు సీసాల నీళ్లు ఖాళీ చేసి, మూడో సీసా ఆయన సీటు పక్క నుంచి తీసుకున్నాను.

"చెల్లెమ్మా, వారం నుంచి చూస్తన్నా. ఈ దాహం ఎండ దాహం కాదు. రేపు రెస్టు కదా, వెళ్లి రక్తం చూపించుకో" అన్నాడు, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే.

మర్నాడు బ్రాడీపేటలో రక్తం ఇచ్చి, ఆ కాగితం పట్టుకుని ఒక మేడమీద ఆస్పత్రికి వెళ్లాను. డాక్టరమ్మ నా ఈడుదే. కాగితం చూసి, "షుగరు బాగా ఎక్కువుందమ్మా" అంది. ఆ తర్వాత ఆవిడ చాలా చెప్పింది. నాకు మాత్రం ఆ ఒక్క మాటే చెవుల్లో ఉండిపోయింది. మా నాన్న షుగరుతో చూపు పోగొట్టుకుని, చివరి నాలుగేళ్లు గోడ తడుముకుంటూ తిరిగాడు. నా కళ్ల ముందు ఆ గోడే ఉంది. రోజుకు రెండు మాత్రలు, తిన్నాకే వేసుకోవాలి, మొదట్లో కడుపు కాస్త ఇబ్బంది పెడుతుంది, పెడితే నాకు ఫోన్ చెయ్యండి అని ఆవిడ అన్నదట. పక్కన కూర్చున్న మా ఆయన తర్వాత చెప్పాడు. నేను వినలేదు.

మా ఇల్లు నల్లపాడులో. పొద్దుటి డ్యూటీ ఉన్నరోజు మూడున్నరకే లేస్తాను. మా ఆయన స్కూటర్ మీద బస్టాండులో దింపుతాడు. ఆ వేళప్పుడు ఎవరు తింటారు? ఒక గ్లాసుడు టీ తాగి, దానితోనే మాత్ర వేసుకున్నాను. మూడు రోజులు ఎలాగో గడిచింది. నాలుగో రోజు నా పరువు రోడ్డున పడింది.

మిరప కోతల కాలం. రోడ్డుకు రెండువైపులా కల్లాల్లో కాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ప్రత్తిపాడులో కూలికెళ్లే ఆడవాళ్లు గుంపుగా ఎక్కారు, నిలబడటానికి కూడా చోటు లేదు. టిక్కెట్లు కొడుతూ బస్సు మధ్యకు వచ్చేసరికి, కడుపులో ఎవరో తడిబట్ట పిండినట్టు మెలిపెట్టింది. పళ్లు బిగబట్టి రెండు స్టాపులు ఓర్చుకున్నాను. ఇక నావల్ల కాలేదు. జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి, "అన్నా, ఆపు. ఇక్కడే ఆపు" అన్నాను. ఆయన నా మొహం చూసి, ఏం అడక్కుండా బ్రేకు వేశాడు.

రోడ్డు పక్కన ఒక డాబా ఇల్లు. ఒకామె వాకిలి ఊడుస్తోంది. "అమ్మా, మీ బాత్రూము..." అనబోయాను. మాట పూర్తికాకముందే ఆమె చీపురుతోనే పెరటివైపు చూపించింది.

తిరిగొచ్చేసరికి బస్సు అలాగే ఉంది. కిటికీల్లోంచి అందరి కళ్లూ నా మీదే. ఒకాయన లేచి నిలబడ్డాడు. "ఏవమ్మా, నాకు కోర్టులో వాయిదా ఉంది. ఎక్కడపడితే అక్కడ ఆపడానికి ఇదేమన్నా మీ సొంత కారా?"

నేను నోరు తెరిచేలోపు ఒక కూలి పెద్దామె అందుకుంది. "నీకు కడుపు లేదేంటయ్యా? నువ్వు గాలి తిని బతుకుతావా? కూర్చో!"

బస్సంతా ఘొల్లుమంది. ఆమె నా పక్షాన మాట్లాడిందని తెలుసు. అయినా ఆ నవ్వు నా మీద కూడానే. పర్చూరు దాకా ఎవరి మొహమూ చూడకుండా టిక్కెట్లు కొట్టాను.

ఆ వారంలోనే ఇంకో రెండుసార్లు అలా అయింది. భయమేసి డ్యూటీ ఉన్నరోజు నీళ్లు తాగడం మానేశాను, తినడం మానేశాను. నోట్లో ఎప్పుడూ తుప్పుపట్టిన మేకు నాకినట్టుండేది. గుంటూరులో పుట్టి పెరిగినదాన్ని, ఒకరోజు గోంగూర పచ్చడి నోట్లో పెట్టుకుంటే పులుపూ తెలియలేదు, కారమూ తెలియలేదు. ఆ రోజు అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. ఇది రోగం కాదు, మాత్ర తెచ్చిన రోగం అని తీర్మానించుకున్నాను.

మాత్రలు మానేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా ఆయన అట్టలు లెక్క చూస్తాడని, రోజూ రెండు మాత్రలు విప్పి పెరట్లో కరివేపాకు కుండీలో మట్టి కింద పెట్టేదాన్ని.

రెండు రోజుల్లో కడుపు కుదుటపడింది. నోటికి రుచి వచ్చింది. గోంగూర, పండుమిరప పచ్చడి, నెయ్యి, వేడన్నం, మళ్లీ మారు అన్నం. జబ్బే పోయిందనుకున్నాను. నెలన్నర అలా గడిచింది. అప్పుడు టిక్కెట్టు మిషను మీద అక్షరాలు అలుక్కుపోవడం మొదలైంది. మిషను పాతదైపోయిందని డిపోలో గొడవపెట్టి వేరేది తీసుకున్నాను. దానిలోనూ అంతే. ఒక ముసలాయన తన టిక్కెట్టు తెచ్చి, "అమ్మాయ్, నేను దిగేది పెదనందిపాడు. దీంట్లో ప్రత్తిపాడని ఉంది" అన్నాడు. ఆయన కళ్లద్దాలు లేకుండా చదివాడు. నేను రెండుసార్లు చూసినా చదవలేకపోయాను.

డ్రైవరన్న అదంతా అద్దంలో చూశాడు. పర్చూరులో బస్సు ఆపాక టీ కొట్టు వెనక బెంచీ మీద కూర్చోబెట్టి అడిగాడు. "మాత్రలు వేసుకుంటన్నావా?"

"వేసుకుంటున్నా."

"నా దగ్గర అబద్ధాలెందుకు చెల్లెమ్మా? కడుపునొప్పి అని పెరళ్లలోకి పరిగెత్తినదానివి నెలన్నరగా ఒక్కసారి కూడా బస్సు ఆపమన్లేదు."

ఆయన వంగి ఎడమకాలి బూటు విప్పాడు, మేజోడు లాగాడు. చిటికెనవేలు లేదు. అది ఉండాల్సినచోట నున్నటి మచ్చ ఉంది.

"నేనూ మానేశా. నాలుగేళ్ల కిందట. రంజాన్ రోజాలప్పుడు ఉపవాసం కదా, నెలపాటు మాత్రలెందుకులే అనుకున్నా. డాక్టర్ని అడగాలని కూడా తోచలేదు. నెల అయ్యాక బాగానే ఉన్నానుగా అని ఇంక ముట్టుకోలేదు. చెప్పు కరిచి చిన్న పుండైంది. నాకు నొప్పే తెలియలేదు. మా ఇంటావిడ చూసేసరికి నల్లబడింది." మేజోడు మళ్లీ తొడుక్కుంటూ అన్నాడు. "మన డిపోలో ఎవరికీ తెలియదు. నీకే చెప్తన్నా."

ఆ సాయంత్రమే మా ఆయన్ని తీసుకుని మళ్లీ బ్రాడీపేట వెళ్లాను. ఆస్పత్రి మెట్ల మీద ఆగి, కుండీ సంగతి చెప్పేశాను. కోప్పడతాడనుకున్నాను. "అయితే మూడు రూపాల్లో చావాల్సిన పనేముంది, ఒక్క రూపంలో బతికితే పోలా" అన్నాడు. ఆ మాటకు అర్థం ఏమిటో ఇప్పటికీ ఆయనకే తెలియదు. మెట్లు ఎక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు. పెళ్లైన ఇరవై ఏళ్లలో నలుగురిలో చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

డాక్టరమ్మకు దాచకుండా అంతా చెప్పాను. బస్సు ఆపడం, ఆ నవ్వులు, మట్టిలో పెట్టిన మాత్రలు, చదవలేకపోయిన టిక్కెట్టు. ఆవిడ కలం పక్కన పెట్టింది.

"మాత్ర మానెయ్యడం తప్పే. కానీ నాకు చెప్పకపోవడం అంతకన్నా పెద్ద తప్పు. కడుపు పాడైందని ఒక్క ఫోన్ చేస్తే మార్చడానికి ఎన్ని దారులున్నాయో తెలుసా? ఎప్పుడు వేసుకున్నారు?"

"పొద్దున నాలుగింటికి. టీతో."

"ఖాళీ కడుపున!" ఆవిడ తల పట్టుకుంది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు ఊపిరాడింది.

అదే మందు, లోపల నెమ్మదిగా కరిగే రకం రాసింది. తక్కువ మోతాదుతో మొదలు, రోజుకొక్కటే, అది కూడా సాయంత్రం ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాక. కడుపు అలవాటుపడ్డాకే మోతాదు పెంచుతానంది. షుగరు బాగా పెరిగిపోయింది కాబట్టి కొన్నాళ్లపాటు పొద్దున టిఫినుతో ఇంకో చిన్న మాత్ర. "ఇది వేసుకున్నాక తిండి ఆలస్యం చేస్తే షుగరు పడిపోతుంది. చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. గ్లూకోజు పొడి ఎప్పుడూ దగ్గరుంచుకోండి" అంది. ఈసారి ప్రతి మాటా టిక్కెట్టు కాగితం వెనక రాసుకున్నాను. కళ్ల పరీక్ష కూడా చేయించింది. లోపల దెబ్బేమీ లేదు, షుగరు దిగితే చూపు తేటపడుతుందన్నారు. ఆ మాటకు ఆ గదిలోనే రెండు చేతులూ జోడించాను.

ఇక తిండి సంగతి. మా ఇంట్లో వంట మా అత్తయ్యది. ఆవిడ పుట్టింది పర్చూరు అవతల నల్లరేగడి ఊళ్లో. అన్నం సగానికి తగ్గించమన్నారని చెప్తే ఆవిడకు కోపమొచ్చింది.

"బస్సులో పొద్దస్తమానం నిలబడేదానికి అన్నం పెట్టొద్దంటే ఎట్టా? ఆ డాక్టరమ్మ నిలబడిందా ఒక్కరోజు?"

"అన్నం బదులు జొన్నలు, కొర్రలు తినమంది అత్తయ్యా. కూర ఎక్కువ, పప్పు ఎక్కువ."

అత్తయ్య చేతిలో గరిటె ఆగింది. "జొన్నలా? మేం చిన్నప్పుడు తిన్నవా? బియ్యం కొనలేక తిన్నాం అవి. పండక్కి వరన్నం వండితే ఊరంతా చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు డాక్టరుకి డబ్బులిచ్చి అవే తినమని చెప్పించుకున్నావా?" అని చాలాసేపు నవ్వింది. నవ్వుతూనే ఆ మధ్యాహ్నం బజారుకెళ్లి జొన్నపిండి తెచ్చింది.

యాభై ఏళ్ల తర్వాత కూడా ఆవిడ చేతులు ఆ పని మరిచిపోలేదు. మరిగే నీళ్లు పోసి పిండి పిసికి, అరచేతుల మధ్య తపతప కొడుతూ తిప్పుతుంటే, రొట్టె చందమామలా పెరిగింది. నేను చేస్తే అంచులు పగిలి ముక్కలైంది. నెలరోజులు ముక్కలే తిన్నాను. చిక్కుడుకాయ కూర, గోరుచిక్కుడు, దోసకాయ పప్పు, పక్కన పచ్చి ఉల్లిపాయ. అయితే అందులోనూ ఒక దెబ్బ తిన్నాను. జొన్నరొట్టెకు అడ్డేముందని ఒకరోజు నాలుగు తిన్నాను. రెండు గంటలాగి వేలు గుచ్చి చూస్తే, ఇంట్లో కొనిపెట్టుకున్న షుగరు మిషను అన్నం తిన్ననాటి అంకే చూపించింది. "ఏదైనా కొలతేనన్నమాట" అంది అత్తయ్య, ఆ మిషనుకేసి అనుమానంగా చూస్తూ. అప్పటినుంచి రెండంటే రెండు. మూడోది అడిగితే ఆవిడే పెట్టేది కాదు.

గోంగూర మానలేదు. పచ్చడి తక్కువ ఉప్పుతో, నూనె తగ్గించి, రొట్టెలో నంజుకోవడం నేర్చుకున్నాను. కొత్త మాత్ర మొదలుపెట్టిన మూడో వారంలో ఒక సాయంత్రం, ఆ ముక్క నోట్లో పెట్టుకోగానే పులుపు నాలుక చివరి నుంచి చెవుల దాకా పాకింది. కేకపెట్టాను. మా ఆయన పరిగెత్తుకొచ్చాడు. "పులుపు! పులుపు తెలుస్తోంది!" అన్నాను. ఆయన తలకొట్టుకుని వెళ్లిపోయాడు.

కడుపు కూడా నన్ను వదిలేసింది. మొదటి పది రోజులు కాస్త గడబిడ చేసింది గానీ, బస్సు ఆపాల్సిన అవసరం రాలేదు.

ఆ తర్వాత మే నెలలో ఒక మధ్యాహ్నం వచ్చింది అసలు పరీక్ష. పర్చూరు నుంచి తిరిగొస్తుంటే, గుంటూరు దగ్గర పడ్డాక మిర్చి బస్తాల లారీ ఒకటి రోడ్డుకడ్డంగా ఒరిగిపోయింది. ముందు లారీలు, వెనక లారీలు, మధ్యలో మేం. ఎండ మాడ్చేస్తోంది. కారం ఘాటుకు బస్సంతా దగ్గు. నేను డిపోకి వెళ్లి తిందామని అన్నం డబ్బా అక్కడే ఉంచి వచ్చాను. ఒంటిగంట దాటింది, రెండు దాటింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉంటే నా మాట నాకే దూరంగా వినిపించింది. చేతిలో టిక్కెట్టు మిషను వణుకుతోంది. ఆ ఎండలోనూ చెమట చల్లగా కారింది.

గుర్తుపట్టాను. భయపడ్డాను గానీ, ఏం చెయ్యాలో తెలుసు. సంచి పక్క అరలోంచి గ్లూకోజు పొట్లం తీసి, చించి, నోట్లో పోసుకుని నీళ్లు తాగాను. ముందు సీటు పక్కన కూలబడ్డాను. "చెల్లెమ్మా!" అని డ్రైవరన్న లేచాడు. "షుగరు పడింది అన్నా. వేసుకున్నా. పావుగంట ఆగు, సర్దుకుంటుంది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. డాక్టరమ్మ మాట్లాడినట్టు మాట్లాడాను.

పావుగంటలో వణుకు తగ్గింది. వెనక సీట్లో ఒకామె తన టిఫిను డబ్బాలోంచి రెండు ఇడ్లీలు పెట్టింది. "తినమ్మా. నాకూ ఉందిలే, నాకు తెలుసు ఆ వణుకు" అంది. మంగళగిరి చీరలు ఊరూరా తిరిగి అమ్ముకునే మనిషి ఆమె, పక్కనే మూట ఉంది. ఆ మాటతో బస్సులో గట్టు తెగినట్టయింది. "నాకూ ఉంది." "మా ఆయనకి పదేళ్లుగా." "నాకు మాత్ర వేసుకుంటే కడుపు ఆగదు, మానేశా." ఈ చివరి మాటన్నది లుంగీ కట్టుకున్న ఒక పెద్దాయన, తలవంచుకుని.

నేను లేచి ఆయన దగ్గరికి వెళ్లాను. "ఎప్పుడు వేసుకుంటారు బాబాయ్?"

"పొద్దున్నే. టీ తాగి."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. "డాక్టరు దగ్గరికెళ్లి కడుపు ఆగట్లేదని ఆ మాటే చెప్పండి. సిగ్గుపడకండి. నేను ఇదే రోడ్డు మీద బస్సు ఆపించి ఒకరి పెరట్లోకి పరిగెత్తిన మనిషిని" అన్నాను. అందరికీ వినపడేట్టు, బస్సు మధ్యలో నిలబడి. ఈసారి వాళ్లతో కలిసి నేనూ నవ్వాను. డ్రైవరన్న తన సీట్లోంచే చెయ్యెత్తాడు. "నాకూ ఉందండోయ్. వేలు కూడా పోయింది." నాలుగేళ్లు డిపోలో దాచిన సంగతి అలా బస్సంతటికీ చెప్పేశాడు.

ఆ ధైర్యంతోనే ఇంకో పని చేశాను. ఊరి పేరు చెప్పను గానీ, మా బస్సులు ఆగే ఒకచోట ఆడవాళ్లకు బాత్రూము ఉంది, దానికి ఎప్పుడూ తాళమే. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. మా డిపోలో ఆడ కండక్టర్లందరం కలిసి అర్జీ రాశాం. పై అధికారి చదివి, "ఇలాంటి విషయాలు కాగితం మీద రాస్తారామ్మా?" అన్నాడు.

"రాయకపోతే చెబుతాం సార్, అందరిముందూ. ఏది మేలో మీరే అనుకోండి" అన్నాను. నా వెనక పదకొండు మంది నిలబడి ఉన్నారు. భారీగా ఉండే కండక్టరమ్మ ఒకామె, "నీళ్లు తాగకుండా డ్యూటీలు చేసి నాకు కిడ్నీలో రాళ్లొచ్చాయి సార్. అవి కూడా తెచ్చి బల్ల మీద పెట్టనా?" అంది. ఆయన ఫోన్ తీశాడు. పదిరోజుల్లో తాళం మారింది. ఒక చెవి మా దగ్గరే ఉంటుంది. నీళ్ల కుళాయి కూడా పెట్టారు. పొద్దుటి బస్సుకు టిఫిను కోసం ఒక హాల్టు కూడా చార్టులో రాయించుకున్నాం.

మూడు నెలల పరీక్ష కాగితం చేతికొచ్చిన రోజు డ్యూటీ దిగి యూనిఫాంలోనే వెళ్లాను. డాక్టరమ్మ పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"ఏం చేశారు మీరు?" అంది.

"మీరు చెప్పింది చేశానండి."

"నేను చెప్పింది అందరికీ చెప్తాను, చేసేవాళ్లే తక్కువ. షుగరు బాగా దిగింది" అంది. "పొద్దుటి మాత్ర ఇక వద్దు. సాయంత్రంది ఒక్కటే ఉంచండి. కళ్లు ఎలా ఉన్నాయి?"

గోడ మీద ఆవిడ సర్టిఫికెట్టు ఉంది. కింది వరసలో సన్న అక్షరాలు, ఆవిడ చదివిన ఊరు, సంతకం కింద పేరు. కూర్చున్నచోటి నుంచే గట్టిగా చదివి వినిపించాను. బయట వరసలో కూర్చున్నవాళ్లు తలుపు సందులోంచి తొంగిచూశారు.

కిందికి దిగేసరికి బ్రాడీపేటలో సాయంత్రపు రద్దీ. కోచింగు పిల్లలు, స్కూటర్లు, అరటిపళ్ల బండ్లు. మా ఆయన వస్తానన్నాడు గానీ వద్దని ఫోన్ చేశాను. ఒక ఆటో పక్కన ఆగింది. "ఎక్కండి మేడమ్, ఎక్కడికి?" అన్నాడు. వద్దన్నాను. ఇంకో ఆటో ఆగింది. దానికీ వద్దన్నాను. మూడో ఆటోవాడు నా యూనిఫాం చూసి గుర్తుపట్టినట్టున్నాడు. "రోజంతా బస్సులో నిలబడి వచ్చారు కదా, ఇంకా నడుస్తారా?" అన్నాడు.

"నడుస్తాను. ఇవాళ నాకు నడవబుద్ధవుతోంది" అని చెప్పి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, నల్లపాడు వైపు పెద్దపెద్ద అంగలు వేసుకుంటూ బయల్దేరాను.